నీళ్ల డబ్బా లెక్క: కర్నూలులో అద్దెకు తెచ్చిన బైపాప్, ఏడు నెలల అనుభవం

రాత్రి మూడు గంటలప్పుడు మా నాయన మంచం పట్టె మీద వేళ్లతో కొట్టి నన్ను లేపాడు. మాస్కు పెట్టుకున్న మనిషి మాట్లాడలేడు, అందుకని మేమిద్దరం పెట్టుకున్న గుర్తు అది. మాస్కు తీయగానే "నాలుక అంగిలికి అతుక్కుంటాంది రా, గుక్కెడు నీళ్లు ఇయ్యి" అన్నాడు. తాగించి మెషీన్ వైపు చూస్తే నీళ్ల డబ్బాలో చుక్క లేదు. అడుగున ఉన్న రేకు తెల్లగా ఎండిపోయి ఉంది. తొమ్మిదిన్నరకు పడుకోబెట్టేటప్పుడు మ్యాక్స్ గీత దాకా పోసింది నేనే. అయిదున్నర గంటల్లో ఆ నీళ్లన్నీ యాడికి పోయాయి?

బైపాప్ అంటే మాస్కులోంచి పీడనంతో గాలి ఊది ఊపిరికి సాయం చేసే మెషీన్, ఆ గాలికి తేమ కలపడానికే ఈ నీళ్ల డబ్బా. ఇంట్లో బైపాప్ పెట్టుకోవాల్సిన వాళ్లు కర్నూలులో చాలామందే ఉన్నారు. నన్ను అడిగేవాళ్లంతా నెలకు అద్దె ఎంత, డిపాజిట్ ఎంత అనే అడుగుతారు. నీళ్ల డబ్బా గురించి ఒక్కరూ అడగలేదు. నాకైతే ఏడు నెలల్లో మెషీన్ ఎట్లా పనిచేస్తోందో, మాస్కు సరిగ్గా కూర్చుందో లేదో, డాక్టరు మార్చిన సెట్టింగు ఏం చేసిందో అన్నీ ఆ డబ్బాయే చెప్పింది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పేది ఏ కంపెనీ మెషీన్‌కైనా వర్తిస్తుంది. దుకాణాల పేర్లు కూడా రాయను. మొదటి చోట ఇబ్బంది పడ్డాం, రెండో చోట బాగా చూశారు. ఆ తేడా ఎక్కడ ఉందో చెబితే చాలు, మీ ఊళ్లో మీరే పోల్చుకోవచ్చు.

నాయనకు 71 ఏళ్లు. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ దుమ్ము, దానికి తోడు బీడీలు. సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలపు జబ్బు. డిసెంబరులో పొద్దున్నే లేవలేక, లేచినా తలనొప్పితో మత్తుగా ఉంటే ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని, రాత్రిపూట ఇంట్లోనూ బైపాప్ పెట్టాలని రాసిచ్చారు. ఊపిరి తీసుకునేటప్పుడు పీడనం 16, వదిలేటప్పుడు 6 (దీన్నే ఈపాప్ అంటారు), నిమిషానికి కనీసం 14 శ్వాసలు, మెషీన్ గొట్టంలోకి 2 లీటర్ల ఆక్సిజన్. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పీడనం, ప్రవాహం, బాష్పీభవనం పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు గీసి చూపించానో లెక్క లేదు. అవన్నీ మా ఇంట్లో మంచం పక్కకే వచ్చి కూర్చుంటాయని మాత్రం అనుకోలేదు.

మొదటి దుకాణం వాళ్లు మెషీన్ తెచ్చి పది నిమిషాల్లో బిగించిపోయారు. పగటిపూట, నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద సైజు మాస్కు తొడిగి పట్టీలు లాగారు. సెట్టింగులు డాక్టరు రాసినట్టే పెట్టారు, అందులో తప్పు లేదు. నీళ్ల సంగతి అడిగితే "మరగబెట్టి చల్లార్చిన నీళ్లు పోయండి సార్, అయిపోతే మళ్లీ పోయండి" అన్నారు. మూడో రోజు నేను ఫోన్ చేసి రాత్రి మూడింటికే డబ్బా ఎండిపోతోందని చెబితే, "హీటరు ఉంటుంది కదా సార్, ఆవిరైపోతాయి. నంబరు తగ్గించుకోండి" అని పెట్టేశారు.

తగ్గించాను. తేమ నంబరు 4 నుంచి 2కు దించితే పొద్దున్నకు కాసిని నీళ్లు మిగిలాయి. కానీ నాయన నోరు ఎండిపోవడం తగ్గలేదు, ఇంకా పెరిగింది. డబ్బాలో నీళ్లు మిగల్చడం నా పని కాదు, ఆయన గొంతు తడిగా ఉంచడం నా పని. అక్కడ నాకు అర్థమైంది, హీటరు ఒక్కటే కాదు, వేరే ఏదో నీళ్లను పట్టుకుపోతోందని.

100 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలజాడీ ఒకటి కొన్నాను. రాత్రి ఎంత పోశానో, పొద్దున ఎంత మిగిలిందో, మెషీన్ తెర మీద లీక్ అంకె (మాస్కు అంచుల నుంచి పోయే గాలి) ఎంత చూపిందో ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మ్యాక్స్ గీత దాకా పోస్తే మా డబ్బాలో 345 మి.లీ. పడతాయి. తేమ మళ్లీ 4 మీద పెట్టిన రాత్రి అదంతా అయిదున్నర గంటల్లో అయిపోయింది, లీక్ అంకె నిమిషానికి 31 లీటర్లు. ఆ పేజీ ఫొటో తీసి మా అక్క కూతురికి పంపాను. ఆ అమ్మాయి బెంగళూరులో రెస్పిరేటరీ థెరపీ చదువుతోంది.

"మామా, నీళ్లు ఎన్ని పోతున్నాయని కాదు, ఆ నీళ్ల మీదుగా ఎంత గాలి పోతాందో చూడు" అంది. చెప్పాక సూటిగానే ఉంది. మెషీన్ నుంచి బయల్దేరే గాలంతా ఆ డబ్బాలో నీటిని తాకుతూనే గొట్టంలోకి పోతుంది. మాస్కుకు ముందువైపు సన్నటి రంధ్రాలు ఉంటాయి. నాయన వదిలిన గాలి అక్కణ్నుంచి బయటకు పోవాలి, లేకపోతే అదే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పీలుస్తాడు. ఆ రంధ్రాల్లోంచి గాలి రాత్రంతా పోతూనే ఉంటుంది. ఎంత పోతుందన్నది మాస్కులోని పీడనాన్ని బట్టి ఉంటుంది. పీడనం నాలుగింతలైతే ప్రవాహం సుమారుగా రెండింతలు అవుతుంది. మా సెట్టింగులకు ఈ దారిన పోయేదే నిమిషానికి 27, 28 లీటర్లు. దానికి తోడు మాస్కు అంచుల నుంచి 31 లీటర్లు. ఎంత లీకైతే అంత కలిపి ఊదడం మెషీన్ పని, ఎందుకంటే అది పీడనం పడిపోనివ్వదు. అంటే నిమిషానికి 58 లీటర్ల దాకా గాలి నీళ్ల మీదుగా పరుగెత్తుతోంది, అందులో సగానికి పైగా నాయన ఊపిరితిత్తులకు సంబంధమే లేనిది.

లెక్క వేశాను. 37 డిగ్రీల దగ్గర సంతృప్త గాలి, అంటే ఇక ఆవిరి పట్టనంత తడిసిన గాలి, లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది, 25 డిగ్రీల దగ్గర 23. జనవరి రాత్రి మా గదిలో గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. దానికి మెషీన్ లీటరుకు ఓ 18 మిల్లీగ్రాములు కలిపిందనుకుంటే, 58 లీటర్ల చొప్పున 330 నిమిషాలకు సరిగ్గా 345 గ్రాముల దగ్గర తేలుతుంది. ఆ 18 నేను వేసుకున్న అంచనాయే. అయినా కాగితం మీద అంకె కొలజాడీ అంకెతో కలిసేసరికి అర్ధరాత్రి ఒక్కణ్నే కూర్చుని రెండుసార్లు మళ్లీ గుణించి చూసుకున్నాను.

ఇక్కడ ఇంకొక ముక్క చెప్పాలి. లీకులో పోయేది నీళ్లే కాదు, ఆక్సిజన్ కూడా. మనం కలిపేది 2 లీటర్లే. గాలి ప్రవాహం రెట్టింపైతే అది అంతగా పలచబడిపోతుంది. మా నాయనకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉండాలని డాక్టరు చెప్పాడు. లీకు ఎక్కువున్న రాత్రుల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటరు 86, 87 చూపేది. నేనేమో ఆక్సిజన్ పెంచమని డాక్టరును అడగాలనుకుంటున్నాను. అడిగుంటే తప్పు జాగాలో మందు పూసినట్టయ్యేది.

మొదటి దుకాణానికి ఇదంతా చెప్పి మాస్కు మార్చమంటే, మాస్కు ఒకసారి వాడాక వెనక్కి తీసుకోం, కొత్తది కొనుక్కోండి అన్నారు. నెల పూర్తికాగానే మెషీన్ తిరిగి ఇచ్చేశాను. ఎన్.ఆర్. పేటలో ఆసుపత్రుల సందులో చిన్న దుకాణం ఒకటుంది, మా స్కూలు అటెండరు చెప్పాడు. అక్కడికి పోయాను. అద్దె నెలకు 6,500, మొదటి దానికంటే 500 ఎక్కువ. మాస్కు 3,800 పెట్టి కొనాలి, కానీ వారం లోపల సరిపోకపోతే మరో సైజు ఇస్తామన్నారు. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాను.

వాళ్ల టెక్నీషియన్ అబ్బాయి ఎప్పుడు రావాలో నన్నడిగాడు. సాయంత్రం అన్నాను. "వద్దు సార్, తాత పడుకునే టైముకు వస్తాను" అన్నాడు. రాత్రి తొమ్మిదికి వచ్చాడు. వచ్చీ రాగానే మాస్కు తీయలేదు. మంచం పక్కన స్టూలు మీద ఉన్న గాజు గ్లాసు చూశాడు. అందులో నాయన పళ్ల సెట్టు.

"తాతా, రాత్రిపూట పళ్లు తీసేస్తావా?"

"తీయకపోతే ఎట్ల పడుకునేది అబ్బోడా?"

అంతే. అయిదు వారాలుగా మేం పడుతున్న బాధంతా ఆ గ్లాసులో ఉంది. పగలు పళ్ల సెట్టుతో బుగ్గలు నిండుగా ఉన్నప్పుడు మాస్కు కొలిచారు. రాత్రి సెట్టు తీసేస్తే బుగ్గలు లోపలికి పోయి, నోటి మూలల దగ్గర వేలు పట్టేంత సందు. అక్కణ్నుంచే గాలి. పైగా నాయన ఆదివారం మాత్రమే గడ్డం గీసుకుంటాడు, శుక్ర శనివారాల్లో ఆ తెల్ల వెంట్రుకల మీద సిలికాన్ అంచు కూర్చోదు. నా నోట్‌బుక్ తిరగేస్తే నిజంగానే వారం చివర్లో లీకు అంకెలు పెద్దవి. రాసింది నేనే, కానీ వారాలతో కలిపి చూడాలని నాకు తట్టలేదు.

ఆ అబ్బాయి చేసిన పని వివరంగా చెబుతాను, మీ ఇంటికి వచ్చినవాళ్లు ఇట్లా చేయకపోతే అడగండి. నాయనను వెల్లకిలా పడుకోబెట్టాడు, ఆయన రోజూ వాడే దిండు మీదే. మీడియం సైజు మాస్కు పెట్టి, పట్టీలు వదులుగానే ఉంచి, మెషీన్ ఆన్ చేసి పీడనం పూర్తిగా వచ్చేదాకా ఆగాడు. గాలికి సిలికాన్ అంచు ఉబ్బింది. అప్పుడు మాస్కును మెల్లగా పైకి ఎత్తి మళ్లీ కూర్చోబెట్టాడు, మడతలు పోయాయి. ఆ తర్వాతే పట్టీలు, కింది రెండు ముందు, పై రెండు తర్వాత, రెండు వైపులా సమానంగా. గట్టిగా లాగితే లీకు తగ్గుతుందని మనం అనుకుంటాం. ఆ అబ్బాయి వేలు దూర్చి చూపించాడు, అతిగా లాగితే అంచు నలిగి కొత్త సందు పడుతుంది, ముక్కు దూలం మీద పుండూ పడుతుంది. కుడిపక్కకు తిరగమన్నాడు, ఎడమపక్కకు తిరగమన్నాడు, ప్రతిసారీ తెర మీద అంకె చూశాడు. నలభై నిమిషాలు పట్టింది. పోయేముందు లీకు నిమిషానికి 5 లీటర్లు.

మరుసటి పొద్దున నాయన కంటే ముందు నేను డబ్బా దగ్గరకు పోయాను. ఎనిమిది గంటల వాడకంలో ఖర్చయినవి 230 మి.లీ. ఇంకా 115 మిగిలి ఉన్నాయి. తేమ నంబరు 4 మీదే ఉంది. ఆక్సీమీటరు 91. నాయన లేచి నాలుక బయటపెట్టి చూపించాడు, చిన్నపిల్లాడు డాక్టరుకు చూపించినట్టు.

ఆ ఆదివారం అక్క కూతురికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అప్పుడు తను సెమినార్‌కు తీసుకున్న అంశం గురించి చెప్పింది, ద్రవంతో ఊపిరి ఆడించడం. నేను అంతవరకు వినలేదు. విన్నాక రెండు రోజులు అదే తలలో తిరిగింది. పెర్‌ఫ్లోరోకార్బన్ అనే ద్రవాలు ఆక్సిజన్‌ను విపరీతంగా కరిగించుకుంటాయి. 1966లో లీలాండ్ క్లార్క్, ఫ్రాంక్ గోలన్ అనే ఇద్దరు అమెరికాలో ఆక్సిజన్ నింపిన అలాంటి ద్రవంలో ఎలుకలను ముంచితే అవి ఆ ద్రవాన్నే పీలుస్తూ బతికాయి. 1989లో ఫిలడెల్ఫియాలో నెలలు నిండని పసిబిడ్డల మీద మొదటిసారి ప్రయత్నించారు. 1991లో ఇంకో పద్ధతి వచ్చింది. ఊపిరితిత్తులను కొంతవరకు ద్రవంతో నింపి, పైనుంచి మామూలు వెంటిలేటరుతోనే గాలి పంపడం. 1996లో పెర్‌ఫ్లుబ్రాన్ అనే ద్రవంతో 13 మంది పసిబిడ్డలకు చేసిన ఫలితాలు ఆశ పుట్టించాయి. 2006లో 311 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మామూలు వెంటిలేటరు కంటే మేలు కనిపించలేదు. అందుకే ఇప్పుడు ఆసుపత్రుల్లో అది మామూలు వైద్యంగా లేదు.

నన్ను పట్టేసింది ఆ వైద్యం ఫలించిందా లేదా అన్నది కాదు, వాళ్లకొచ్చిన కష్టం. అచ్చం మా కష్టమే. లోపల పోసిన ద్రవం నిలవదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ కొంత ఆవిరిగా బయటకు పోతుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర నీటి బాష్పపీడనం 47 మిల్లీమీటర్ల పాదరసం, పెర్‌ఫ్లుబ్రాన్‌ది సుమారు 11. అంకె నీటికంటే చిన్నదే, అయినా గంటల తరబడి పోతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ పోయాలి. ఎంత పోతుందన్నది వెంటిలేటరు సెట్టింగులను బట్టి ఉంటుంది. ఒక్కో శ్వాస ఎంత పెద్దది, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఆ రెండూ గుణిస్తే నిమిషానికి ఎంత గాలి ఆ ద్రవాన్ని తాకి బయటకొస్తోందో తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గించాలని శ్వాసలు పెంచితే ద్రవం తొందరగా ఖర్చవుతుంది.

ఒక తేడా ఉంది. మా డబ్బా పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు, నీళ్లు తగ్గినా గాలి తాకే వైశాల్యం అంతే, కాబట్టి ఖర్చు గంటగంటకూ దాదాపు సమానం. ఊపిరితిత్తి అట్లా కాదు. లోపలి ద్రవం తగ్గేకొద్దీ గాలికి ద్రవం తగలని భాగాలు ఎక్కువవుతాయి, ఆవిరయ్యే వేగం దానంతటదే పడిపోతుంది. వేగం తగ్గింది కదా అని అంతా బాగుందనుకోవడానికి లేదు, ద్రవం కావాల్సిన చోట అప్పటికే ఎండి ఉండొచ్చు. మరి లోపల ఎంత ఉందో ఎట్లా తెలిసేది అంటే, ఊపిరి చివర్లో ఉంచే పీడనాన్ని ఒక్క క్షణం తీసేసి, నోట్లోని గొట్టంలో ద్రవపు గీత కనిపిస్తోందా అని చూసేవాళ్లట. "నువ్వు ఈపాప్ అంటున్నావే, మేం పీప్ అనేది దాన్నే మామా" అంది. వాళ్లు గొట్టంలో గీత చూశారు, నేను డబ్బాలో గీత చూస్తున్నాను.

మళ్లీ మన మెషీన్ దగ్గరికి వస్తాను. మార్చిలో డాక్టరు రెండు పీడనాలూ రెండేసి పెంచాడు, 18, 8. పెంచిన రాత్రి నుంచి నీళ్ల ఖర్చు 230 నుంచి 255కు పోయింది. లీకు అంకె మారలేదు. అంటే పెరిగిందంతా మాస్కు రంధ్రాల నుంచే. పీడనం పెరిగితే పెరగాల్సిందే, కంగారు పడాల్సింది లేదు. ఇదే 25 మి.లీ. తేడా లీకు పెరగడంతో వచ్చుంటే మాస్కు చూడాలి. సెట్టింగులు మాత్రం నేను ముట్టుకోను. మెనూలో ఎక్కడున్నాయో నాకు తెలుసు, అయినా ముట్టుకోను. ఏ పీడనం పెంచాలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూసి డాక్టరు చెప్పాలి, నీళ్ల డబ్బా చూసి నేను కాదు.

మాస్కు రంధ్రాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఉగాదికి మా మేనత్త వచ్చింది. అన్నకు గాలంతా వృథాగా పోతోందని, ఆ రంధ్రాల మీద ప్లాస్టరు అంటించబోయింది. నేను గదిలో ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చిపోయే అందరికీ చెప్పి ఉంచండి, ఆ రంధ్రాలు ఎప్పుడూ తెరిచే ఉండాలి.

చలి రాత్రుల్లో ఇంకో బాధ, గొట్టంలో నీళ్లు. మాస్కు బాగు చేసుకున్న వారంలోనే గొట్టంలో గళగళమని చప్పుడు మొదలైంది. డబ్బాలో వేడెక్కి తడితో బయల్దేరిన గాలి చల్లటి గదిలో గొట్టం గోడలను తాకి మళ్లీ నీరవుతుంది, వేసవిలో చల్లటి చెంబు బయట చెమర్చినట్టు. ఒక రాత్రి కొన్ని చుక్కలు మాస్కులోకి వచ్చి నాయన ముక్కుకు తగిలాయి, మునిగిపోతున్నానేమో అని భయపడి మాస్కు లాగేశాడు. దుకాణం అబ్బాయి ఫోన్‌లోనే చెప్పాడు, మెషీన్‌ను టేబుల్ మీది నుంచి దించి మంచం కంటే కింద పీట మీద పెట్టమని, గొట్టం దుప్పటి లోపలి నుంచి తెమ్మని. పీట మీద పెడితే గొట్టంలో చేరిన నీళ్లు తిరిగి డబ్బాలోకే జారతాయి. చలి తగ్గేదాకా తేమ 3కు దించాం. చప్పుడు పోయింది. వేడి గొట్టం అని విడిగా దొరుకుతుంది, మా మెషీన్‌కు అది లేదు, అదొక లోటు.

ఏప్రిల్, మే గురించి చెప్పనక్కర్లేదు, కర్నూలు ఎండలు మీకు తెలుసు. గదిలో కూలరు పెట్టాం. కూలరు గాలే తడిగా వస్తుంది కాబట్టి మెషీన్ కలపాల్సింది తక్కువ, తేమ 1 మీద ఖర్చు 140 మి.లీ.కు పడిపోయింది, నోరూ ఎండలేదు. పోయిన వారం చుట్టాలింట్లో ఏసీ గదిలో పడుకోబెట్టాల్సి వచ్చింది, ఒక్క రాత్రిలో మళ్లీ 3 మీదికి పోవాల్సి వచ్చింది. ఒక నంబరు పెట్టి ఏడాదంతా వదిలేసే వస్తువు కాదు ఇది.

ఇక నీళ్లు. మొదటి వారం బోరు నీళ్లు మరగబెట్టి పోశాం. ఆ వారంలోనే డబ్బా అడుగు రేకు మీద తెల్లటి పెచ్చు కట్టింది. గోటితో గీకితే పొడిగా రాలేది. మన బోర్లలో సున్నం ఎంతో, ఇంట్లో బిందెల అడుగులు చూస్తే తెలుస్తుంది. మరగబెడితే క్రిములు చస్తాయి, కానీ కరిగి ఉన్న ఉప్పులన్నీ పోవు. గాలి నీటిని మాత్రమే తీసుకుపోతుంది, ఉప్పులు డబ్బాలోనే పేరుకుంటాయి. ఆ పెచ్చు మందమయ్యేకొద్దీ హీటరు వేడి నీటికి సరిగ్గా అందదు. తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, బాగా కడిగి ఆరబెడితే పోయింది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, 5 లీటర్ల క్యాను 120 రూపాయలకు మెడికల్ షాపులో తెస్తున్నాను. మూడు వారాలు వస్తుంది. మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోసి, డబ్బా కడిగి, నీడలో ఆరబెడతాను. నిన్నటి నీళ్లలోనే కొత్త నీళ్లు కలపను.

కరెంటు సంగతి కూడా లెక్క వేశాను. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్లు కావాలి. 300 గ్రాములకు 7 లక్షల 20 వేల జౌళ్లు, అంటే యూనిట్‌లో అయిదో వంతు. బిల్లుకు అది పెద్ద భారం కాదు, ఇన్వర్టరుకు భారమే. కరెంటు పోయిన రాత్రి హీటరు ఆపి మెషీన్ మాత్రం నడిపితే మా ఇన్వర్టరు తెల్లవార్లూ వచ్చింది. రెండో దుకాణం మీద నా ఫిర్యాదు ఒకటే, అద్దెకిచ్చేటప్పుడు కరెంటు పోతే ఏం చేయాలో వాళ్లు తమంతట తాముగా చెప్పలేదు, బ్యాటరీ కూడా ఇవ్వలేదు. ఇంట్లో ఇన్వర్టరు లేనివాళ్ల గతేమిటి? నేను అడిగాక ఇప్పుడు ఒక కాగితం అచ్చువేసి ఇస్తున్నారు, బ్యాటరీ మాత్రం ఇంకా తేలేదు.

మెషీన్ చప్పుడు తక్కువే, ఫ్యాను గాలిలో వినిపించదు. తెర మీద అంకెలు చిన్నవి, నాయనకు కనపడవు. డబ్బా మూత క్లిప్పు బిగుతుగా ఉంటుంది, ముసలివాళ్లు ఒంటరిగా తీయలేరు. నీళ్లతో ఉన్న డబ్బాను మెషీన్‌లో ఉంచి కదిలించకూడదు, మోటారులోకి నీళ్లు పోతాయి. గది మార్చేటప్పుడు ముందు డబ్బా తీయాలి. అయిదుకు నాలుగు ఇస్తాను మెషీన్‌కు. ఆ రాత్రి నలభై నిమిషాలు కూర్చున్న అబ్బాయికి అయిదుకు అయిదు.

నోట్‌బుక్ ఇప్పుడు రోజూ రాయడం లేదు. ఆ పని నాయన తీసుకున్నాడు, కొలజాడీ లేకుండా. పొద్దున్నే మాస్కు తీసి, పళ్ల సెట్టు పెట్టుకుని, వంగి డబ్బా పక్కన వేళ్లు ఆనించి కొలుస్తాడు. "ఈ పొద్దు రెండు వేళ్లు మిగిలినాయి" అంటే ఆ రాత్రి బాగా గడిచినట్టు. పోయిన మంగళవారం "ఒక్క వేలే ఉంది, చూడు" అన్నాడు. మాస్కు తిప్పి వెలుతురులో పట్టుకుంటే గడ్డం దగ్గర సిలికాన్ అంచు గోరంత చిరిగి ఉంది. మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ చేశాను, ఆ సాయంత్రమే కొత్త అంచు తెచ్చి, నాయనను పడుకోబెట్టి మార్చిపోయారు.